అరుంధతీ దర్శనం

తెలుగువారి వివాహాలలో మంగళసూత్రధారణ, తలంబ్రాలు ముగిసిన తరువాత పురోహితుడు వధూవరులను ఆరుబయటికి తీసుకొనివచ్చి అరుంధతీ నక్షత్రాన్ని చూపడం ఆచారం. ముహూర్తం పగటివేళ అయినా ఆకాశం వంక వేలు చూపి, “అదిగో అరుంధతి” అంటాడు. వధూవరులు తలలు ఊపుతారు. నిజంగా ఆ నక్షత్రాన్ని చూచినవారు అరుదు. ఆ చిన్న చుక్కను ఎట్లా వెదకి చూడాలో, మానవుడు దానిని ఇంతవరకు ఎన్ని విధాల చూచాడో తెలుసుకొంటే ఖగోళశాస్త్రం నడచిన మార్గం మనకు బోధపడుతుంది.

మన పూర్వులు ‘స్థూలారుంధతీ న్యాయం’ అని ఒక న్యాయాన్ని చెప్పారు. అరుంధతి మసకగా ఉండే నక్షత్రం. దానిని ఒక్కసారిగా చూపితే కంటికి ఆనదు. అందువల్ల ముందుగా దాని సమీపంలోని పెద్ద నక్షత్రాన్ని చూపి, చూపు అక్కడ నిలిచిన తరువాత ప్రక్కనున్న సూక్ష్మ నక్షత్రాన్ని చూపుతారు. స్థూలమైన దాని ద్వారా సూక్ష్మమైన దానిని గ్రహించడమే ఈ న్యాయం. ఆకాశ పరిశీలనకు ఇంతకంటె చక్కని సూత్రం లేదు.

అరుంధతిని చూడాలంటే మొదట సప్తర్షి మండలాన్ని గుర్తించాలి. మే నెలలో రాత్రి తొమ్మిది గంటల వేళ ఉత్తర దిక్కుకు తిరిగి నిలబడితే, దిగంతానికి, నడినెత్తికి మధ్య ఏడు నక్షత్రాలు కనిపిస్తాయి. వాటిలో నాలుగు మంచపు కోళ్ళవలె చతురస్రాకారంలో ఉంటాయి. మిగిలిన మూడు తోకవలె వంపు తిరిగి ఉంటాయి. ఆ మూడింటిలో నడిమిది వసిష్ఠుడు. వసిష్ఠుని చెంతనే, దానికంటె ఐదారు రెట్లు తక్కువ కాంతితో మినుకుమినుకుమనే చుక్క అరుంధతి. ఈ రెండింటి మధ్య కనిపించే ఎడం, నిండుచంద్రుని వెడల్పులో సగం కూడ ఉండదు.

వెలుతురులో నుండి బయటికి వచ్చిన వెంటనే అరుంధతి కనిపించకపోవచ్చు. కంటిపాప విప్పారడానికి కొన్ని క్షణాలు చాలు. కాని కంటి లోపలి పొర చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి సుమారు అరగంట పడుతుంది. మసక నక్షత్రాన్ని సూటిగా గాక కొంచెం ప్రక్కచూపుతో చూచినప్పుడు అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మందకాంతిని గ్రహించే కణాలు కంటి నడుమ గాక దాని చుట్టూ ఉండడమే ఇందుకు కారణం. చూడడం కూడ అభ్యాసంతో అలవడే విద్య అని దీనివల్ల గ్రహించవచ్చు.

కంటికి పరిమితులున్నాయి. చీకటిలో కంటిపాప 7 మిల్లీమీటర్లకు మించి విప్పారదు. 70 మిల్లీమీటర్ల కటకం గల చిన్న దూరదర్శిని సైతం దానికంటె 100 రెట్లు కాంతిని ప్రోగుచేయగలదు. అంతేకాక ఒకటిగా కనిపించేవాటిని విడదీసి చూపగలదు. 1609లో దూరదర్శినిని ఆకాశంవైపు త్రిప్పిన గెలీలియో, 1617లో తన శిష్యుడు కాస్టెల్లి సూచనమేరకు దానితో వసిష్ఠుని పరిశీలించాడు. కంటికి ఒక్కటిగా తోచే ఆ నక్షత్రం రెండు నక్షత్రాలుగా కనిపించింది. వేల సంవత్సరాలుగా ఒక్కడనుకొన్న వసిష్ఠుడు ఒక్కడు కాడు.

అయినా దూరదర్శిని వెనుక ఉన్నది కన్నే. కన్ను కాంతిని నిలువచేసుకోలేదు. ఛాయాచిత్ర ఫలకం ఆ పని చేయగలదు. దానిపై గంటల తరబడి కాంతి పడుతూ ఉంటే, ఎన్నడూ కంటికి కనిపించని నక్షత్రాలు సైతం ముద్రితమవుతాయి. 1857లో అమెరికాలోని హార్వర్డు వేధశాలలో వసిష్ఠారుంధతులను ఛాయాచిత్రంలో బంధించారు. ఈ పద్ధతి మన ప్రాంతానికి కూడ చేరింది. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, నక్షత్రాల ఛాయాచిత్ర పట్టికను రూపొందించే అంతర్జాతీయ కృషిలో పాల్గొన్నది. తన వంతుకు వచ్చిన ఆకాశ భాగంలోని లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి గ్రంథస్థం చేసింది.

నక్షత్రం ఎక్కడ ఉన్నదో తెలిసింది. అది దేనితో నిర్మితమైనది? ఎట్లా కదలుతున్నది? అక్కడికి పోయి చూడడం అసాధ్యం. అక్కడి నుండి మనకు వచ్చే వార్తాహరి ముఖ్యంగా కాంతియే. ఆ కాంతిని ఏడు రంగులుగా విడదీసి చదివే సాధనం వర్ణపటదర్శిని. వర్ణపటంలో ప్రతి మూలకానికి తనవైన గీతలుంటాయి. అవి మనుషుల వ్రేలిముద్రలవంటివి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చి, సూర్యుని అంచున ఎగసే జ్వాలలను ఈ సాధనంతో పరీక్షించాడు. అవి ప్రధానంగా హైడ్రోజన్ వాయువుతో కూడినవని గుర్తించాడు. మరునాడు గ్రహణం లేకపోయినా ఆ గీతలను చూడగలిగాడు.

ఈ గీతలు కదలికను కూడ తెలుపుతాయి. రైలు మనవైపు వచ్చేటప్పుడు దాని కూత హెచ్చు శ్రుతిలోను, దూరమయ్యేటప్పుడు తగ్గు శ్రుతిలోను వినిపిస్తుంది. అట్లే నక్షత్రం దగ్గరవుతున్నప్పుడు దాని గీతలు నీలివైపునకు, దూరమవుతున్నప్పుడు ఎరుపువైపునకు జరుగుతాయి. 1889లో హార్వర్డు వేధశాలలో పికరింగ్ వసిష్ఠుని వర్ణపటాన్ని పరిశీలించగా, ఒక్కొక్క గీత కొన్ని రోజులు రెండుగా చీలి, మరల ఒకటవుతున్నట్లు తెలిసింది. అంటే దూరదర్శినికి కనిపించిన రెండు నక్షత్రాలలో ఒకటి నిజానికి జంట. అవి ఒకదాని చుట్టూ మరొకటి సుమారు ఇరవై రోజులకొకమారు పరిభ్రమిస్తున్నాయి. తరువాత రెండవది కూడ జంటయే అని తేలింది. 2009లో శాస్త్రజ్ఞులు అరుంధతి ప్రక్కన కూడ ఒక మసక ఎర్ర నక్షత్రాన్ని కనుగొన్నారు. కంటికి కనిపించే రెండు చుక్కలు ఈనాటికి ఆరు నక్షత్రాలయ్యాయి.

ఈ నక్షత్రాలు మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అయినా నేడు మన కంటిని చేరిన అరుంధతి కాంతి మన తాతలు పసివారుగా ఉన్న రోజులలో బయలుదేరినది. ఆకాశాన్ని చూడడమంటే గతాన్ని చూడడమే.

అంత దూరం నుండి వచ్చిన కాంతి మన వీధిదీపాల ముందు ఓడిపోతున్నది. నగరాలలో ఆకాశంవైపు ఎగజిమ్మే విద్యుద్దీపాల కాంతి ధూళిపై పడి చెదరి, మసక నక్షత్రాలను కప్పివేస్తున్నది. వసిష్ఠుడు కనిపించినా అరుంధతి కనిపించదు. ఖగోళ శాస్త్రజ్ఞులు చీకటిని వెదకుకొంటూ దూరప్రాంతాలకు పోవలసివచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల దూరదర్శినిని హైదరాబాదుకు దూరంగా రంగాపురం వద్ద నెలకొల్పింది. లడఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేలో మరొక వేధశాల వెలసింది. అక్కడి చీకటిని కాపాడడానికి 2022లో ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

అందరూ హాన్లేకు పోలేరు. అయితే దీపాల వెలుగు నేలపై మాత్రమే పడేటట్లు మూతలు అమర్చుకోవడం, అవసరం లేనప్పుడు వాటిని ఆర్పివేయడం అందరికీ సాధ్యమే. ఇది విద్యుత్తును ఆదాచేస్తుంది. మన ఆకాశాన్ని మనకు తిరిగి ఇస్తుంది. కన్ను చూచినదానిని దూరదర్శిని సవరించింది. దూరదర్శిని చూచినదానిని వర్ణపటదర్శిని సవరించింది. రేపు రానున్న సాధనం మరేమి చూపుతుందో! ఆ పరంపరలో తొలిమెట్టు మాత్రం ఎప్పటికీ చీకటిలో ఓపికతో నిలిచి, తలయెత్తి చూచే కన్నే. వధూవరులకు అరుంధతిని చూపే ఆచారం అర్థవంతం కావాలంటే, ఆకాశంలో ఆమె కనిపిస్తూ ఉండాలి.