మీకు తెలుసా? అడ్డు తగలడమే ఆయన పని!

అవధాని ఒకేసారి ఎనిమిది అంశాలను నడిపే అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, ఉంటారు. వారిలో ఒకరికి అప్పగించే పని అవధాని ఏకాగ్రతను చెడగొట్టడం! ఆ అంశం పేరు అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యపాదం అల్లుతుండగా ఈయన కూరగాయల ధరో, సినిమా కబురో, కొత్తల్లుడి అలకో ఎత్తుకుంటాడు. ప్రశ్న ఎంత చిలిపిదైనా అవధాని అప్పటికప్పుడు చమత్కారంగా జవాబివ్వాలి, మళ్లీ వదిలిన చోటే పద్యం అందుకోవాలి.

సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాల్లో ఆవృత్తికి (ఒక్కో చుట్టుకు) ఒక్కో పాదం చొప్పున పద్యం నడుస్తుంది. చివర్లో కాగితం చూడకుండా పద్యాలన్నీ అప్పజెప్పాలి, అదే ధారణ. పాండిత్యానికి పరీక్ష అక్కడే. కానీ సభకు అసలు రుచి మాత్రం ఆ మధ్యమధ్య కబుర్లదే. ఛందస్సు తెలియనివారూ హాయిగా నవ్వుతారు, నవ్వుతూనే పద్యం నడక పట్టుకుంటారు.

ఈ విద్యను ఊరూరా జనంలోకి తీసుకెళ్లిన జంట తిరుపతి వేంకట కవులు: దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి. నేటికీ తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, అమెరికాలోని తెలుగువారి సభల్లోనూ అవధానాలు జరుగుతున్నాయి. మీ ఊళ్లో జరిగితే పిల్లల్ని వెంటబెట్టుకుని తప్పక వెళ్లండి.