ఫ్లారెన్సు నగర సందర్శనము - డాంటే కావ్యసాక్ష్యము

ఒక కావ్యమును చేతబట్టుకొని ఒక నగరమును చూడబోవుట ఐరోపా యాత్రికులలో చిరకాలముగా ఉన్న ఆచారము. ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు పోవువారిలో పలువురు డాంటే రచించిన 'డివైన్ కామెడీ'ని మనస్సునం దుంచుకొని పోవుదురు. ఇట్టి సందర్శనమున ఒక చిక్కు కలదు. కావ్యమునందలి నగరమును, కంటికి కనబడు నగరమును ఒక్కటియే యని యాత్రికుడు తలచును. కాని ఆ రెండింటి నడుమ ఏడు శతాబ్దుల కాలమును, ఒక కవి ప్రవాసమును నిలిచియున్నవి. ఈ కావ్యము ఆ నగరమున కెట్టి సాక్ష్యము కాగలదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

డాంటే 1265లో ఫ్లారెన్సున జన్మించెను. 1300లో నగర పాలకమండలి సభ్యులలో ఒకడుగా రెండు నెలలు పనిచేసెను. ఆనాడు గ్వెల్ఫు పక్షము తెల్లకక్ష, నల్లకక్ష అని రెండుగా చీలియుండెను. డాంటే తెల్లకక్షవాడు. 1301లో అతడు పోపు కడకు రాయబారియై పోయియుండగా నల్లకక్షవారు అధికారమును వశపరచుకొనిరి. 1302 జనవరిలో అతనికి జరిమానాయు బహిష్కారమును, మార్చిలో పట్టుబడినచో సజీవదహనమును విధింపబడెను. 1321లో రవెన్నా నగరమున మరణించువరకు అతడు జన్మభూమిపై మరల అడుగు పెట్టలేదు.

కావ్యమంతయు ప్రవాసమున రచింపబడినదే. అయినను కథాకాలము 1300 నాటి వసంతము. అనగా కథానాయకుడైన డాంటే ఇంకను నగరవాసి. కథ చెప్పు డాంటే నగరభ్రష్టుడు. జరిగిపోయిన బహిష్కారమును జరుగబోవు దానివలె పరలోకవాసులచే చెప్పించుటకు కవికి అవకాశము దీనివలననే కలిగినది. కావున కావ్యమునందలి ఫ్లారెన్సు కన్నులయెదుట నున్న నగరము కాదు. కోల్పోయినవాని స్మృతియందలి నగరము. ఈ విషయమును గుర్తుంచుకొని చూచినచో నేటి నగరమున మూడు పొరలు కానవచ్చును.

మొదటిది డాంటే స్వయముగ చూచిన నగరము. స్నాపక యోహాను పేరిటి జ్ఞానస్నాన మందిరము ఇందు ముఖ్యమైనది. డాంటే జ్ఞానస్నానము పొందినది ఇచ్చటనే. నరకఖండము 19వ సర్గలో ఈ మందిరమును మిక్కిలి మమతతో స్మరించి, మునిగిపోవుచున్న యొకరిని రక్షించుటకై అచ్చటి తొట్టి నొకదానిని తాను పగులగొట్టినట్లు చెప్పుకొనెను. స్వర్గఖండము 25వ సర్గలో, తన కావ్యము శత్రువుల క్రౌర్యమును జయించినచో అదే స్థలమున కవికిరీటమును ధరింతునని ఆశపడెను. మందిరము నేటికిని నిలిచియున్నది. డాంటే ఎరిగిన జలకుండము మాత్రము 16వ శతాబ్దిలో తొలగింపబడినది. ఆర్నో నదికి ఆవలి గుట్టపై నున్న సాన్ మినియాతో దేవాలయము కూడ ఈ పొరలోనిదే. ప్రాయశ్చిత్తఖండము 12వ సర్గలో పర్వతారోహణ మార్గమును వర్ణించుచు, ఈ దేవాలయమునకు పోవు మెట్లను కవి ఉపమానముగా గ్రహించెను.

రెండవది డాంటే చూడని నగరము. యాత్రికులకు ఫ్లారెన్సు అనగానే స్ఫురించు మహాదేవాలయపు గుమ్మటమును బ్రునెల్లెస్కి 1420-1436 నడుమ నిర్మించెను. దేవాలయమునకు పునాది పడినది 1296లో. డాంటే ఎరిగినది నిర్మాణారంభము మాత్రమే. ప్రక్కనున్న గంటగోపురమును జ్యోత్తో 1334లో ప్రారంభించెను. అప్పటికి డాంటే మరణించి పదుమూడేండ్లు గడచినవి. నేటి 'పొంతె వెక్కియొ' వంతెన సైతము 1333 నాటి వరదలో పాత వంతెన కొట్టుకొనిపోయిన పిదప, 1345లో పూర్తియైనది. పాత వంతెన చెంత మార్సు దేవతదని ప్రజలు నమ్మిన యొక శిథిల విగ్రహము ఉండెను. 1216లో బ్వొండెల్మోంతె అను యువకుని హత్య అచ్చటనే జరిగినది. నగర కక్షలకు అదియే మూలమని ప్రసిద్ధి. విగ్రహము అదే వరదలో నశించినది. నగరము కోల్పోయిన ఈ శిలను నరకఖండము 13వ సర్గయు, స్వర్గఖండము 16వ సర్గయు నిలుపుకొన్నవి. ఇట్టిచోట కావ్యము చరిత్రకు నిజముగ సాక్షి.

మూడవది డాంటే పాఠకులకొరకు తరువాతివారు కల్పించిన నగరము. 'డాంటే గృహము' అని చూపబడు కట్టడము అలిగియేరీ వంశీయులు నివసించిన ప్రాంతమున 1911లో నిర్మితమైనది. సాంతా క్రోచె దేవాలయములోని 1829 నాటి సమాధి శూన్యము. 1519లో పోపు పదవ లియో అనుమతితో ఫ్లారెన్సువారు అస్థికలకై రవెన్నాకు పోగా పేటిక ఖాళీగా కనబడెను; అచ్చటి సన్న్యాసులు వానిని ముందే దాచివేసిరి. అవి 1865లో బయల్పడి, నేటికిని రవెన్నాయందే ఉన్నవి. ఫ్లారెన్సు నగరసభ ఆ పాత శిక్షను రద్దుచేయ తీర్మానించినది 2008లో!

ఈ మూడవ పొరలో పరిశోధకుడు మిక్కిలి జాగరూకతతో చూడవలసినవి గోడలయందలి శిలాఫలకములు. కావ్యమున పేర్కొనబడిన స్థలముల యందును, వంశముల గృహముల యందును తత్సంబంధమైన పద్యభాగములను చెక్కించుటకు 1900లో నగరపాలకులు సంకల్పించిరి. అట్లు వెలసినవి 34; నరకఖండమునుండి 9, ప్రాయశ్చిత్తఖండమునుండి 5, స్వర్గఖండమునుండి 20. నగరమును నిర్దయగా నిందించిన కావ్యమునుండి స్వర్గఖండ పద్యములే సగమునకు మించి యుండుట యాదృచ్ఛికము కాదు. ఆ ఖండము 15, 16, 17 సర్గలలో డాంటే పూర్వికుడైన కచ్చగ్వీదా పాత ఫ్లారెన్సును, దాని వంశములను వర్ణించును. అయితే ఆ ప్రశంస నిందాగర్భితము. బదియా మఠము కడ నున్న ఫలకమును చదువువానికి ప్రాచీన ప్రాకారము, గంటల కాలము, ప్రశాంత జీవనము మధురస్మృతిగా తోచును. సర్గను పూర్తిగా చదువువానికి, అది ధనమదముతో చెడిన తన కాలపు నగరమును కవి దూషించు తీరని తెలియును. గోడపై పద్యము నిలిచినది, ప్రకరణము జారిపోయినది.

కావ్యము నగరమునకు వెలుగు నిచ్చినట్లే నగరమును కావ్యమునకు వెలుగు నీయగలదు. 17వ సర్గలో కచ్చగ్వీదా ప్రవాస దుఃఖమును చెప్పుచు, పరుల రొట్టె ఉప్పగా నుండుననియు, పరుల మెట్లు ఎక్కుట దుర్భరమనియు హెచ్చరించును. టస్కనీ ప్రాంతపు రొట్టెలో నేటికిని ఉప్పు వేయరు. దాని నచ్చట రుచి చూచినవానికి ఆ మాట యొక్క సామీప్యము తెలియును. కాని అంతమాత్రమున దానిని ఆహారభేద వర్ణనముగా కుదించరాదు. పరాధీనత యొక్క చేదే అచ్చటి ప్రధానార్థము.

కావున కావ్యమును దారిచూపు పుస్తకముగా గ్రహించువాడు డాంటే పేరు చెక్కిన ప్రతి శిలను డాంటే నగరముగా భ్రమించును. దానిని ప్రమాణముగా గ్రహించువాడు ఏది కవి చూచినది, ఏది తరువాతిది, ఏది పశ్చాత్తాపముతో కట్టబడినది అని వేరుపరుపగలుగును. కవులకు సంబంధించిన స్థలములను పరిశోధించువా రెవ్వరైనను ముందుగా చేయవలసిన పని ఈ వివేచనమే.