క్యూబిట్‌లో ప్రోగ్రాం దాచితే

1945లో జాన్ ఫాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ యంత్రంపై నివేదిక రాశాక కంప్యూటర్‌కు ఒక పద్ధతి ఏర్పడింది. లెక్కకు కావలసిన అంకెలూ, ఆ లెక్క ఎలా చెయ్యాలో చెప్పే ఆదేశాలూ ఒకే మెమరీలో ఉంటాయి. వైర్లు మార్చనక్కర్లేదు, ప్రోగ్రాం మారిస్తే చాలు. మరి క్వాంటమ్ కంప్యూటర్‌లోనూ అలాగే ఆదేశాలను కూడా క్వాంటమ్ బిట్లలో, అంటే క్యూబిట్లలోనే దాచి, ఎప్పటికీ మారని ఒకే సర్క్యూట్ చేత ఏ పనైనా చేయించుకోవచ్చా?

కుదరదని 1997లో మైకేల్ నీల్సన్, ఐజాక్ చువాంగ్ నిరూపించారు. రెండు వేర్వేరు క్రియలు తప్పులేకుండా జరగాలంటే వాటి ప్రోగ్రాం స్థితులు పరస్పరం లంబంగా ఉండి తీరాలి. పది క్యూబిట్లలో అలాంటివి 1,024కు మించవు. మామూలు పది బిట్లు మోసేవీ అన్నే! ఒక క్యూబిట్‌ను తిప్పగల కోణాలకేమో అంతే లేదు. ఇంత ఖరీదైన మెమరీ పెట్టుకుని అణా లాభం లేదన్నమాట.

అప్పుడప్పుడూ ఓడిపోవడానికి సిద్ధపడితే మాత్రం దారి ఉంది. 2002లో విదాల్, మసానెస్, సిరాక్ చూపించిన ఉపాయం నాకు ముచ్చటగా తోస్తుంది. తిప్పవలసిన కోణాన్ని ఒక ప్రోగ్రాం క్యూబిట్‌లో నింపి, దాన్ని డేటా క్యూబిట్‌తో ముడివేసి, ప్రోగ్రాం క్యూబిట్‌ను కొలుస్తారు. సగం సార్లు డేటా కోరినట్టే తిరుగుతుంది. మిగతా సగం సార్లు అంతే కోణం వెనక్కి తిరుగుతుంది. ఎటు తిరిగిందో కొలతే చెప్పేస్తుంది కాబట్టి, రెట్టింపు కోణం నింపిన రెండో క్యూబిట్‌ను దించుతారు. అదీ ఓడితే నాలుగు రెట్లది. పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే జూదరి లెక్కే ఇది: ఒక్క గెలుపుతో పాత బాకీలన్నీ తీరిపోతాయి. పది క్యూబిట్లుంటే వైఫల్యం 1,024లో ఒక వంతే. అయితే కొలిచిన ప్రోగ్రాం మళ్ళీ పనికిరాదు.

2008లో చెక్ దేశంలోని ఓలొమౌట్స్ శాస్త్రవేత్తలు ఫోటాన్లతో ఇలా పనిచేసే క్వాంటమ్ గేటు నిర్మించారు. కొలత ఫలితాన్ని బట్టి అప్పటికప్పుడు సరిదిద్దే ఎలక్ట్రానిక్స్ జోడించి, 2012లో దాని విజయావకాశాన్ని 25 నుంచి 50 శాతానికి, అంటే ఒక్క ప్రోగ్రాం క్యూబిట్‌కు సిద్ధాంతం ఒప్పుకునే హద్దు దాకా పెంచారు.

గూగుల్ సికమోర్ వంటి క్వాంటమ్ కంప్యూటర్లకు ప్రోగ్రాంను క్యూబిట్లలో దాచే ఈ బెడద లేదు. వాటి ప్రోగ్రాం బయట మామూలు కంప్యూటర్‌లో ఉండి, మైక్రోవేవ్ పల్సులుగా చిప్‌ను చేరుతుంది.

మళ్ళీ క్యూబిట్లలో దాచే ప్రోగ్రాం సంగతికొస్తే, తప్పును ఎంత తగ్గించాలంటే క్వాంటమ్ ప్రోగ్రాం కనీసం ఎంత పెరగాలన్నది 2020లో యాంగ్, రెన్నర్, కిరిబెల్లా తేల్చారు. తప్పు సున్నాకు దగ్గరయ్యేకొద్దీ, ఒక క్రియను ప్రోగ్రాంగా దాచడమూ, దాన్ని కొలిచి అంచనా కట్టడమూ ఒకే సమస్యగా మారిపోతాయి. రెండింటికీ అడ్డుపడే గీత, కొలతల కచ్చితత్వానికి క్వాంటమ్ సిద్ధాంతం విధించే హైసెన్‌బర్గ్ హద్దు.