తుక్కు ఇనుముతో విడిది బండి

సెలవు దొరికితే చాలు, హిమాలయాల వైపో, రాజస్థాన్ ఇసుక తిన్నెల వైపో వాహనాన్ని మళ్లించే మిత్రులు మన సంస్థలో పలువురు ఉన్నారు. వసతి లేని చోట ఒకటి రెండు రాత్రులు గడపవలసి వచ్చినపుడు గుడారము, పరుపులు, నీరు, పొయ్యి, వంట సామాను అన్నీ జీపులోనే కుక్కవలసి వస్తుంది. చివరకు మనుషులు కూర్చునే చోటే కరవవుతుంది. ఈ ఇబ్బందికి చక్కని పరిష్కారము జీపు వెనుక తగిలించుకొని పోయే చిన్న విడిది ట్రైలరు. ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఇరుగుపొరుగున నివసించే ఇంజనీర్లము మేము ముగ్గురము అటువంటి బండిని పాత వాహనాల భాగాలతో స్వయముగా నిర్మించాము. పాత సామానులో ఏది పనికి వస్తుంది, ఏది ప్రాణము మీదకు తెస్తుంది అన్న విచక్షణే ఈ పనిలో అసలైన ఇంజనీరింగు. దానిని సహోద్యోగ మిత్రులతో పంచుకొనుటే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గూడుబండి వారసత్వము

ఆలోచన కొత్తది కాదు. మన తాతల కాలములో తిరునాళ్లకు, జాతరలకు కుటుంబమంతా గూడుబండి కట్టుకొని బయలుదేరేది. మేడారము సమ్మక్క సారలమ్మ జాతరకు వేలాది ఎడ్లబండ్లు సాగిపోయిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. చెట్టు క్రింద ఎడ్లను విప్పితే ఆ బండే ఇల్లు, దాని ప్రక్కన మూడు రాళ్లు పెడితే అదే వంటిల్లు. చెక్క చక్రాలకు బదులు రబ్బరు టైర్లు అమర్చి తయారుచేసిన టైరుబండి కూడ మన పల్లెల్లో అందరికీ పరిచయమైనదే.

యంత్ర వాహనాల విషయానికి వస్తే, రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యము జీపు వెనుక లాగిన పావు టన్ను ట్రైలరును నేటి విడిది ట్రైలర్లకు మూలపురుషునిగా చెప్పవచ్చును. అది గతుకుల నేల మీద 500 పౌండ్లు, అనగా సుమారు 227 కిలోల బరువు మోయుటకు ఉద్దేశించినది. దాని ఇనుప తొట్టి నీరు చొరకుండ బిగించినది గనుక వాగులలో తేలేది కూడ. లోపల చేరిన నీరు పోవుటకు అడుగున బిరడాలు ఉండేవి. చిన్న తొట్టి, ఒక ఇరుసు, రెండు కమాను కట్టలు, జీపు చక్రాల వంటివే అయిన చక్రాలు: ఈ నమూనాను మించిన సరళత నేటికీ కనబడదు. మేము అనుసరించినది కూడ దానినే.

స్థలము, సామాను

ఓల్డ్ రాజిందర్ నగర్ దేశ విభజన తరువాత శరణార్థుల కొరకు ఏర్పడిన కాలనీ. చిన్న చిన్న ఇండ్ల స్థలాల మీద నేడు అంతస్తుపై అంతస్తు లేచి, ప్రతి గదిలోను సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువతీ యువకులు ఉంటున్నారు. వారిలో మన తెలుగు పిల్లలకు కొదువ లేదు. స్కూటరు నిలుపుటకే చోటు లేని ఆ వీధులలో ట్రైలరు కట్టుట అసాధ్యము. పైగా అర్ధరాత్రి వరకు చదువుకునే పిల్లల కిటికీ క్రింద గ్రైండరు త్రిప్పుట న్యాయము కాదు. అందువలన మాయాపురిలో ఒక వెల్డింగు షెడ్డులో మూల చోటును ఆదివారాలకు అద్దెకు తీసుకున్నాము.

సామాను సేకరణకు మాత్రము మా నివాసము ఎంతో అనుకూలమైనది. ప్రక్కనే కరోల్ బాగ్‌లో మోటారు సైకిలు భాగాల దుకాణాలు, కొద్ది దూరములో కీర్తి నగర్ కలప బజారు, పాత ఢిల్లీ వైపు కశ్మీరీ గేటు వద్ద మోటారు భాగాల బజారు ఉన్నాయి. అన్నిటికంటె పెద్దది మాయాపురి పాత ఇనుము బజారు. 10 సంవత్సరాలు దాటిన డీజిలు వాహనాలు, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు వాహనాలు రాజధాని ప్రాంతములో తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత, నడిచే స్థితిలో ఉన్న వాహనాలు సైతము విప్పుడు పనికి వచ్చాయి. వాహనాలను శాస్త్రీయముగా విప్పే నమోదిత కేంద్రాల కొరకు 2021లో కేంద్ర ప్రభుత్వము నియమావళిని ప్రకటించినది. ఎక్కడ కొన్నను రసీదు లేనిదే ఏ భాగమూ కొనరాదు. దొంగిలించిన వాహనాల భాగాలు పాత ఇనుములో కలసిపోవుట సులభము.

మాయాపురి పేరు చెప్పినపుడు 2010 ఏప్రిల్‌ను మరువరాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయము రసాయన శాస్త్ర విభాగములో 1985 నుండి వాడుకలో లేని గామా కిరణ యంత్రమును తుక్కు క్రింద వేలము వేయగా, అది ఈ బజారుకు చేరినది. లోపల కోబాల్టు-60 ఉన్న సంగతి ఎరుగని కార్మికులు దానిని విప్పారు. పలువురు రేడియోధార్మికతకు గురికాగా ఒకరు మరణించారు. కూలి కొరకు సుత్తి పట్టినవాడు చేసిన నేరమేమీ లేదు. ఆ వస్తువు చరిత్ర అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. పాత వస్తువుకు చరిత్ర ఉంటుంది, అది తెలియనంతవరకు దానిని నమ్మరాదు అన్న సూత్రమును మేము అక్కడి నుండే గ్రహించాము. పరిమాణమునకు మించిన బరువు గల సీసపు దిమ్మె గాని, మూడు రెక్కల రేడియోధార్మిక చిహ్నము గాని కనబడినచో దానిని ముట్టుకొనక, వెంటనే పోలీసులకు తెలియజేయవలెను.

బరువు లెక్క

ఇనుము కోయుటకు ముందు కాగితము మీద బరువు తేల్చుకొనవలెను. మా బండి లెక్క ఈ విధముగా ఉన్నది:

చట్రము, ముందరి దూలము: 90 కిలోలు
ఇరుసు, చక్రాలు, కమాను కట్టలు: 125 కిలోలు
ప్లైవుడ్, రేకుతో చేసిన పెట్టె: 75 కిలోలు
గుడారము, పరుపులు: 35 కిలోలు
నీరు: 60 కిలోలు
పొయ్యి, గ్యాసు, పాత్రలు: 30 కిలోలు
ఇతర సామాను: 35 కిలోలు
మొత్తము: 450 కిలోలు

చట్రమునకు 50 × 50 × 3 మిల్లీమీటర్ల చదరపు గొట్టమును కొత్తదే కొన్నాము. మీటరుకు సుమారు నాలుగుంపావు కిలోల చొప్పున ఇరవై మీటర్లు 85 కిలోలు తూగుతుంది, మిగిలినది మూలల పలకల బరువు.

ఇక ఈ 450 కిలోలు ఇరుసుకు ముందు ఎంత, వెనుక ఎంత అన్నది ప్రాణసమానమైన విషయము. ఎడ్లబండి తోలిన రైతుకు దీనిని బోధించనక్కరలేదు. ముందు బరువు హెచ్చితే కాడి ఎడ్ల మెడలను అణచివేస్తుంది, వెనుక బరువు హెచ్చితే కాడి పైకి లేచి మెడపట్టెడలు గొంతుకు బిగుస్తాయి. ట్రైలరులో వెనుక బరువు హెచ్చినచో, వేగము పెరిగిన కొలదీ బండి అటూ ఇటూ ఊగి, చివరకు లాగే వాహనమును సైతము త్రిప్పివేయగలదు. అందువలన మొత్తము బరువులో పదవ వంతు లేక కొంచెము ఎక్కువ కొక్కెము మీద పడునట్లు చూడవలెను. మా బండిలో ఇరుసు నుండి కొక్కెము వరకు దూరము 2.4 మీటర్లు. కొక్కెము మీద 50 కిలోలు కావలెనన్నచో గురుత్వ కేంద్రము ఇరుసుకు సుమారు 27 సెంటీమీటర్లు ముందుండవలెను. నీటి ట్యాంకును ఇరుసుకు నేరుగా పైన అమర్చాము. దానిని అర మీటరు వెనుక పెట్టినచో, నిండుగా ఉన్నపుడు కొక్కెము మీద బరువు పన్నెండు కిలోలకు పైగా తగ్గేది.

ఇరుసు, కమాను కట్టలు

పాత బజారులో చవకగా దొరికేది మారుతి 800 వెనుక ఇరుసు. అది ముందు చక్రాలతో నడిచే కారు గనుక వెనుక ఇరుసులో గేర్లు లేవు, తేలిక. కాని పన్నెండంగుళాల చిన్న చక్రాలతో రాళ్లు తేలిన బాటలో నేల తగులుతుంది. మేము లాగే వాహనము 1985లో మార్కెట్టులోకి వచ్చిన మారుతి జిప్సీ తరగతికి చెందినది. కనుక జిప్సీ వెనుక ఇరుసునే ఎన్నుకున్నాము. రెండింటి చక్రాల మధ్య వెడల్పు ఒకటే అయితే ట్రైలరు చక్రాలు జీపు చేసిన గాడిలోనే నడుస్తాయి, ఇసుకలో ఇంజనుకు శ్రమ తగ్గుతుంది. చక్రాలు కూడ ఒకటే గనుక ఒక స్టెప్నీ రెండింటికీ సరిపోతుంది.

ఇచ్చట ఒక సాంకేతిక మర్మము ఉన్నది. బరువు తగ్గించుటకై గేర్లన్నిటినీ తీసివేయవచ్చునని తోచవచ్చును. జిప్సీ వెనుక ఇరుసులో చక్రమును మోసేది లోపలి షాఫ్టే. దాని లోపలి కొన డిఫరెన్షియల్ ఆధారముగానే నిలుస్తుంది. ఆ డిఫరెన్షియల్‌ను తొలగించినచో షాఫ్టు ఒంటి బేరింగు మీద వ్రేలాడుతుంది. అందువలన పినియన్‌ను మాత్రమే తీసి, ఆ రంధ్రమును పలకతో మూసి, గేరు నూనెను యథావిధిగా పోశాము.

కమాను కట్టలు కూడ అదే వాహనానివి. వాటి మీద ఇపుడు పడే బరువు తక్కువ గనుక అన్ని పట్టీలు ఉంచినచో ఖాళీ బండి కంకర బాట మీద బంతివలె ఎగురుతుంది. ఇరువైపులా ఒక్కొక్క పట్టీ తగ్గించి, మధ్య బోల్టు రంధ్రము చుట్టూ రంగు ద్రవముతో పగుళ్ల పరీక్ష చేశాము. సాధారణముగా పగులు మొదలయ్యేది అక్కడే.

బ్రేకు లేని ట్రైలరు గురించి ఒక మాట. మనుషులతో సుమారు 1,250 కిలోలు తూగే వాహనము వెనుక 450 కిలోలు చేరినచో, అదే బ్రేకు బలముతో ఆగుటకు పట్టే దూరము మూడవ వంతుకు పైగా పెరుగుతుంది. కొండ దిగేటపుడు ఆ దూరమే లోయ అంచు కావచ్చును. అందువలన ఇరుసుతో వచ్చిన డ్రమ్ము బ్రేకులను కొత్త లైనింగులతో పునరుద్ధరించి, జీపు వేగము తగ్గినపుడు ట్రైలరు ముందుకు తోసే బలముతోనే పనిచేసే విధముగా కొక్కెము వద్ద అమర్చాము. కొక్కెము విడిపోయినను దూలము నేలకు గ్రుచ్చుకొనకుండ, రెండు గొలుసులను దూలము క్రింద అడ్డముగా మార్చి కట్టాము.

పాతవి వాడరానివి

యు-బోల్టులు, నట్లు, బేరింగులు, బ్రేకు సిలిండర్ల రబ్బర్లు, నూనె సీళ్లు, కొక్కెము: ఇవి ఎంత బాగుగా కనబడినను కొత్తవే కొనవలెను. టైరు ప్రక్కగోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అన్నచో 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. అరుగుదల లేకున్నను వయసు మీరిన టైరును త్రోసిపుచ్చవలెను. కమాను పట్టీకి వెల్డింగు ఎన్నడూ చేయరాదు. ఆ ఉక్కులో కార్బను పాలు ఎక్కువ, అతుకు ప్రక్కనే పెళుసుబారి విరుగుతుంది. గుర్తు తెలియని ముక్కను గ్రైండరుకు ఆనించి చూచినచో మెత్తని ఉక్కు పొడవాటి నిప్పురవ్వలను, ఎక్కువ కార్బను ఉక్కు పువ్వులవలె చిట్లే రవ్వలను వెదజల్లుతుంది. జింకు పూత గల గొట్టమును పూత తొలగించక వెల్డింగు చేసినచో ఆ పొగకు జ్వరము వస్తుంది.

వంట, నిద్ర

పెట్టె వెనుక తలుపు క్రిందికి దింపితే వంట బల్ల, పై మూత మీద మడతలు విప్పితే ఇద్దరు పడుకునే గుడారము. గ్యాసు సిలిండరు మాత్రము పెట్టె వెలుపలనే ఉండవలెను. వంట గ్యాసు గాలికంటె బరువైనది, కారినచో అడుగున చేరి నిలుస్తుంది. సిలిండరు మెడ పట్టీ మీద ఉండే అక్షరమును కూడ గమనించవలెను. ఏ, బి, సి, డి అక్షరాలు సంవత్సరములోని నాలుగు త్రైమాసికాలకు గుర్తులు. సి-27 అన్నచో 2027 సెప్టెంబరు లోపల ఆ సిలిండరుకు తిరిగి పరీక్ష జరుగవలెను. చలి ఎంత తీవ్రముగా ఉన్నను గుడారము లోపలికి బొగ్గుల కుంపటి తేరాదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీస్తుంది. చలికి రగ్గులే శరణ్యము.

చట్టము

ఈ భాగమును చదువక ఎవరూ ఇనుము కొనరాదని మా విన్నపము. 1988 మోటారు వాహనాల చట్టములోని నిర్వచనము ప్రకారము ట్రైలరు కూడ మోటారు వాహనమే. అదే చట్టములోని 39వ సెక్షను ప్రకారము నమోదు లేని వాహనమును బహిరంగ స్థలములో నడుపరాదు. 750 కిలోలు మించని ట్రైలర్లు ప్రమాణాలలో టి-1 అన్న చిన్న తరగతి క్రిందకు వస్తాయి. చిన్నదైనంత మాత్రాన నమోదు తప్పదు. కర్మాగారములో తయారైన దానికి పత్రాలన్నీ వెంట వస్తాయి, చేతితో కట్టిన దానికి ప్రతిదీ మనమే రుజువు చేసుకొనవలెను. అందువలన నమూనా చిత్రము, బరువు లెక్క, భాగాల రసీదులు, వెల్డింగు పరీక్షల ఫొటోలు ఒక ఫైలులో భద్రపరచాము.

దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. అంతవరకు బండిని టెంపో మీద ఎక్కించి పరిచయస్థుల పొలమునకు చేర్చి, గట్ల మీద, దుక్కిలో, ఇసుకలో లాగి పరీక్షిస్తున్నాము. నంబరు వచ్చుననే నమ్మకముతోనే ఉన్నాము. రాకపోయినచో ఈ బండి ఆ పొలములోనే నిలిచిపోతుంది. అందుకు కూడ మేము సిద్ధపడే ఉన్నాము. రోడ్డు మీద మన వెనుక వచ్చే బస్సులో ఎవరి పిల్లలు కూర్చున్నారో మనకు తెలియదు. వారి క్షేమము మన ముచ్చట కంటె పెద్దది.

కర్మాగారములో ప్రతి భాగముతో పాటు పరీక్షా పత్రము కోరుట మనకు అలవాటే. అదే క్రమశిక్షణను సెలవు దినపు సరదాకు కూడ అన్వయించినచో, పారవేసిన ఇనుము మరికొన్ని సంవత్సరాలు నమ్మకముగా సేవచేస్తుంది. ఇటువంటి ప్రయత్నము తలపెట్టే మిత్రులు మా ఫైలును చూడగోరినచో సంతోషముగా చూపగలము. ముందుగా బరువు లెక్క వ్రాసుకొని, నమోదు అధికారిని కలసి, ఆ తరువాతనే రంపము పట్టవలసినదిగా కోరుతున్నాము.