కంటి లెక్క, కథ లెక్క

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనికి వచ్చి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని ఒక కొసన నిలిచి పరికించండి. సమానమైన కిటికీలే దూరం పోయిన కొద్దీ చిన్నవైనట్లు కానవస్తాయి. కంటికి తోచే ఈ తీరును రేఖాగణితంతో బంధించి, 1435లో ఇటలీ పండితుడు ఆల్బెర్టీ చిత్రకారులకు శాస్త్రంగా వ్రాసి ఇచ్చినాడు. అదే పర్‌స్పెక్టివ్.

1580లో జెసూట్ మతగురువులు అక్బరు కొలువుకు తెచ్చిన అచ్చుబొమ్మలలో మొగలు చిత్రకారులు ఈ రీతిని పరిశీలించినారు. బ్రిటిషు పాలనలో చిత్రకళాశాలలు దానిని పాఠంగా బోధించినవి. బొంబాయిలో ఆ విద్య నేర్చిన రాజమహేంద్రవరవాసి దామెర్ల రామారావు (1897-1925) తెలుగువారి బ్రతుకును చిత్రించినాడు.

తెలంగాణలోని చేర్యాల నకాషీల పటం మాత్రం ఆ దారి పట్టలేదు. ఎర్రని నేలపై కథ వరుసలుగా సాగుతుంది. కథానాయకుడు తక్కినవారికంటె పెద్దగా ఉంటాడు. ఎందుకని? పర్‌స్పెక్టివ్ చిత్రం ఒకేచోట నిలిచిన ఒకే కంటికోసం గీసినది. పటమో, కథకుడు విప్పుతూ పాడుతూంటే ఊరంతా కూర్చుండి చూచేది. అక్కడ బొమ్మ కొలతను నిర్ణయించేది దూరం కాదు, కథలోని ప్రాధాన్యం.

కనుక పసివాడు ఇంటికంటె అమ్మను పెద్దగా గీస్తే, ఉపాధ్యాయులారా, తొందరపడి తప్పు పెట్టకండి. పర్‌స్పెక్టివ్ నేర్పవలసినదే, అయితే చూచే పద్ధతులలో అది ఒకటి అని చెప్పి నేర్పండి.