గుండె దారిన మెదడుకు

పక్షవాతమనగానే అధిక రక్తపోటు, మధుమేహం మనకు స్ఫురిస్తాయి. అరుదుగానైనా, శరీరంలో వేరొకచోట పుట్టిన కేన్సరు సైతం గుండె మార్గాన మెదడును దెబ్బతీయగలదు.

గుండెలోనే జనించే కణితులు బహు స్వల్పం. ఇతర అవయవాల నుండి అక్కడికి వ్యాపించేవే అధికం. ఊపిరితిత్తుల కేన్సరు ఒక్కొక్కప్పుడు పుపుస సిరల వెంబడి పాకి గుండె ఎడమ కర్ణికలో ప్రవేశిస్తుంది. అచ్చటి రక్తం ఎడమ జఠరికలోనికి, బృహద్ధమనిలోనికి, తుదకు మెదడుకు ప్రవహిస్తుంది. కణితి నుండి తెగిన తునక గాని, దానిపై పేరుకొన్న రక్తపుగడ్డ గాని ఆ ప్రవాహంలో కొట్టుకొనిపోయి మెదడు ధమనిని మూసివేస్తే పక్షవాతం సంభవిస్తుంది.

చికిత్సకు ఈ భేదం ముఖ్యం. రక్తపుగడ్డను కరిగించే మందు కణితి తునకను కరిగించజాలదు. ధమనిలోనికి సన్నని గొట్టాన్ని పంపి దానిని వెలికితీయవలసి వస్తుంది. అట్లు తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించినప్పుడు, అంతవరకు తెలియని కేన్సరు బయటపడిన సందర్భాలున్నాయి. గుండెలోని కణితిని చూపడానికి, 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్స్ ఆరంభించిన అతిధ్వని పరీక్ష తోడ్పడుతుంది.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా రోగిని తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. రోగికి కేన్సరు ఉన్నట్లయితే ఆ సంగతి వైద్యునికి మొదటనే తెలుపుట బంధువుల కర్తవ్యం.