చేను కాపాడుకోవడానికి రైఫిలు కొనాలా?



వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టే రోజులు వచ్చాయంటే మన సరిహద్దు పల్లెల్లో రాత్రి నిద్ర కరువవుతుంది. కన్నడంలో కాడుహంది, తమిళంలో కాట్టుపన్ని, మరాఠీలో రానడుక్కర్, ఒడియాలో బారహా, తెలుగులో అడవిపంది. పేరు ఏదైనా జంతువు ఒక్కటే, నష్టమూ ఒక్కటే. తిన్నదానికంటే తొక్కి, పెళ్లగించి పాడుచేసేదే ఎక్కువ. ఇక బళ్లారి, రాయచూరు వైపు నల్లరేగడి చేలలో కృష్ణజింకల మందలు లేత మొలకలను మేసిపోతాయి. అప్పుతెచ్చి విత్తనం వేసిన రైతుకు కడుపు మండుతుంది. అందుకే చాలామంది అడుగుతుంటారు: "అయ్యవారూ, తక్కువ ధరలో, గురి తప్పని రైఫిలు ఏదైనా ఉందా?" అని.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మూడు సంగతులు తెలుసుకోవాలి. తుపాకుల్లో తేడా ఏమిటి? తుపాకి గురించి చట్టం ఏమంటోంది? జంతువు గురించి చట్టం ఏమంటోంది? ఒక్కొక్కటే చూద్దాం.

తుపాకులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, గొట్టం లోపల నున్నగా ఉండేది. మూతినుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకి, పన్నెండు బోరు తుపాకి ఈ రకానివే. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా చేస్తే, ఆ గుండు పట్టేంత గొట్టం కనుక దానికి పన్నెండు బోరు అని పేరు వచ్చింది. రెండోది రైఫిలు. దీని గొట్టం లోపల మరమేకుకు ఉన్నట్లు మెలితిరిగిన గాళ్లు ఉంటాయి. తూటా ఆ గాళ్ల వెంట గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలిచినట్లే, తిరిగే తూటా దారి తప్పకుండా పోతుంది. రైఫిలు గురికి కారణం అదే. అయితే ఆ తూటాకు కిలోమీటరు దాటాక కూడా ప్రాణం తీసే శక్తి ఉంటుంది. మన చేలు బయలు నేలలు. గురి తప్పిన తూటాను ఆపడానికి అడ్డంగా గుట్టా ఉండదు, గోడా ఉండదు. పక్క చేలో మంచె మీద మరో రైతు పడుకొని ఉంటాడు. చీకట్లో కదిలింది పందో మనిషో తెలియదు. గురి ఎంత బాగుంటే ప్రమాదం అంత తక్కువ అనుకోవడం పొరపాటు.

ఇక తుపాకి చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట రక్షణకు లైసెన్సు అడిగే రైతును గుర్తించింది. కాని ఆ అవసరానికి చెప్పింది మూతినుంచి మందు దట్టించే తుపాకినే. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కలిగితే, నున్నని గొట్టం ఉన్న వేరే తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. ఆ వరుసలో రైఫిలు లేదు. కాబట్టి పంట కాపలాకు ఏ రైఫిలు చవక అనే ప్రశ్న చట్టం దగ్గరే ఆగిపోతుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర పెట్టుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు. సంతలో ఎవరో చాటుగా అమ్మే నాటు తుపాకి చవకగా కనిపిస్తుంది. పేలేటప్పుడు గొట్టం చీలితే పోయేది మన చెయ్యి, పట్టుబడితే పోయేది మన బతుకు.

మూడోది వన్యప్రాణి చట్టం. 1972లో ఈ చట్టం వచ్చిన కొత్తలో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేవారు. 1991 సవరణతో ఆ పద్ధతి పోయింది. సరదా వేట అనేది ఈ దేశంలో ఇప్పుడు లేదు. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, ఉచ్చు వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. ఎయిర్ గన్నుతో కొడితే ఏమవుతుందిలే అనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు శిక్ష. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. దానికి మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొడగులో కొడవలకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉందని కర్ణాటక శ్రోతలకు తెలుసు. ఆ మినహాయింపు తుపాకి ఉంచుకోవడానికే, వేటకు కాదు.

మరి రైతుకు దారి లేదా? ఉంది. అదే చట్టం 11వ సెక్షను ప్రకారం, మొదటి షెడ్యూలులో లేని జంతువు మనుషులకో, నిలిచి ఉన్న పంటకో ప్రమాదంగా మారితే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడానికి వీల్లేదు. ఈ అనుమతి ఇచ్చే తీరు రాష్ట్రానికొక విధంగా ఉంది. కేరళ 2022లో పంచాయతీ అధ్యక్షులకు ఈ అధికారం ఇచ్చింది. తమిళనాడు 2025 జనవరిలో ప్రకటించిన పద్ధతిలో, రిజర్వు అడవి హద్దుకు ఒక కిలోమీటరు లోపల కాల్చరాదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టి అడవికి తరలించాలి. మూడు దాటితేనే కాల్చడం, అదీ శిక్షణ పొందిన సిబ్బందే. హద్దు గట్టుకు ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం ఉన్న మనం, చేను ఏ రాష్ట్రంలో ఉందో ఆ రేంజి ఆఫీసులోనే అర్జీ పెట్టుకోవాలి.

తుపాకి లేదు కదా అని కొందరు అంతకంటే ఘోరమైన పని చేస్తారు. కరెంటు తీగ చేను చుట్టూ తిప్పుతారు. ఇంటికి వచ్చే 230 వోల్టుల కరెంటు తగిలితే ఆగకుండా ప్రవహిస్తుంది, కండరాలు బిగుసుకుపోయి మనిషి వదిలించుకోలేడు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతు, పశువులు కాసే పిల్లవాడు, ఒక్కోసారి ఆ తీగ పెట్టిన మనిషే బలి అవుతున్నారు. నాటుబాంబులూ అంతే. 2020లో కేరళలోని పాలక్కాడు జిల్లాలో గర్భంతో ఉన్న ఏనుగు పేలుడు ఎర కొరికి, నోరు చితికి, నీళ్లలో నిలబడి చనిపోయింది. ఎర ఎవరి నోటికి పోతుందో పెట్టినవాడికి తెలియదు.

సోలారు కంచె వేరు. అందులో కరెంటు ఆగకుండా ప్రవహించదు. సెకనుకోసారి కొరడా దెబ్బలా క్షణకాలం తగిలి ఆగిపోతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది కాని చావదు. అయితే దానికోసం తయారైన యంత్రాన్నే వాడాలి, ఇంటి కరెంటు తీగకు తగిలించకూడదు. తీగలకు గడ్డి తగిలితే శక్తి తగ్గిపోతుంది కనుక కంచె కింద కలుపు తీస్తుండాలి.

అంత ఖర్చు పెట్టలేనివారు పంది స్వభావాన్ని గమనించాలి. దానికి చూపు మందం, వాసన మహా చురుకు. అందుకే వాసనతో తికమక పెట్టే పద్ధతులు వచ్చాయి. మంగలి షాపునుంచి తెచ్చిన వెంట్రుకలు గట్టు వెంట చల్లడం, ఊరపంది పేడ నీళ్లలో కలిపి చేను చుట్టూ చల్లడం, కుళ్లిన కోడిగుడ్ల ద్రావణం పిచికారీ చేయడం. వాన పడితే మళ్లీ చల్లాలి. ఒకే పద్ధతిని నెలల తరబడి వాడితే పందికి అలవాటైపోతుంది, మార్చి మార్చి వాడాలి. ఒకప్పుడు ఫోరేటు గుళికలు మూటకట్టి వేలాడదీసేవారు. ఆ మందు 2020 చివరినుంచి నిషేధం, దాని జోలికి పోవద్దు. వేరుసెనగ చుట్టూ ముళ్లుండే కుసుమ నాలుగు వరుసలు దగ్గర దగ్గరగా వేస్తే లోపలికి రావడం కష్టమవుతుంది, కుసుమ గింజ కూడా చేతికి వస్తుంది. ముళ్లతీగ కట్టేవారు కింది వరుసను నేలకు దగ్గరగా కట్టాలి. పంది ఎక్కువగా కిందినుంచే దూరుతుంది. ఇవన్నీ పది చేలవారు కలిసి చేస్తేనే ఫలితం. ఒక్కరే చేస్తే మంద పక్క చేలోకి పోతుంది, అంతే.

ఇంత చేసినా పంట పోతే నోరు మూసుకొని కూర్చోవద్దు. తెల్లవారగానే ఫోటోలు తీయించండి, పాదముద్రలు చెరిగిపోకముందే రేంజి ఆఫీసుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల నష్టాన్ని కూడా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల లోపల తెలియజేయాలని నియమం. ఏ జిల్లాకు, ఏ జంతువుకు వర్తిస్తుందో రాష్ట్రాలే ప్రకటించాలి. మీ రాష్ట్రం సంగతి వ్యవసాయ అధికారిని అడగండి. అర్జీ కన్నడంలోనో, ఒడియాలోనో రాయడం రాకపోతే బడిపిల్లల చేత రాయించండి, మా బళ్లలో వాళ్లు నేర్చుకుంటున్నది అందుకే.

ఒడిశాలోని గంజాం జిల్లాలో, భేట్నయి ప్రాంతపు రైతులు కృష్ణజింక చేలోకి వస్తే శుభమని, వానలు పడతాయని తరతరాలుగా నమ్ముతూ వాటిని కాపాడుతున్నారు. అందరూ అంత ఓర్పు చూపాలని నేను అనను. పంట పోయినవాడి బాధ పంట పోయినవాడికే తెలుసు. కాని రైఫిలుకు పెట్టే డబ్బును పదిమందితో కలిసి కంచెకు పెడితే చేనూ మిగులుతుంది, చేతులకు సంకెళ్లూ తప్పుతాయి. పక్క చేలో కాపలా పడుకున్న మనిషి తెల్లవారి క్షేమంగా ఇంటికి పోతాడు.